ప్రింట్ డిజైనర్ పక్కన రెండు వారాలు కూర్చుంటే బొమ్మ వేయడమే కనబడలేదు. కోర్సు మారాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నారు. వేసవి సెలవుల్లో బెంగళూరులోని ఒక గార్మెంట్ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో రెండు వారాలు ప్రింట్ డిజైనర్ పక్కన కూర్చుని జాబ్ షాడోయింగ్ చేశారు. ఆవిడ రోజుకు గంట కూడా బొమ్మ వేయలేదు. మెయిల్స్, ఎక్సెల్ షీట్లు, రంగు ముక్కలు చూడటం, ప్రింటింగ్ యూనిట్ వాళ్ళతో ఫోన్‌లో వాదన, ఇదే సరిపోయింది, అక్కడ డిజైనే లేదన్నారు. పైగా బయ్యర్ ఎవరిదో పాత ప్రింట్ ఫొటో పంపి "ఇలాంటిదే కావాలి, కానీ ఇది కాదు" అన్నాడు. దాంతో తప్పు కోర్సులో చేరానేమో, ఇప్పుడే యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్) వైపు మారిపోవాలేమో అని టెన్షన్ పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు కూడా యూఎక్స్ అయితే జీతం బాగుంటుందంటున్నారు.

ముందు సూటిగా జవాబు. ఆ రెండు వారాలు చూసి కోర్సు మారకండి. మీరు చూసింది మాత్రం నిజమే. ఎక్స్‌పోర్ట్ ప్రింట్ డిజైనర్ రోజు అలాగే గడుస్తుంది. సీజన్ మొదట్లో వెళ్ళి ఉంటే బొమ్మ వేయడం ఇంకాస్త కనబడేది, అంతే తేడా. కానీ "అక్కడ డిజైనే లేదు" అని రాశారు చూడండి, అది ఒప్పుకోను. నేను అలాంటి ప్రింట్ స్టూడియోల్లో చాలా ఏళ్ళు పనిచేసి తర్వాత చేనేత వైపు వచ్చాను. నా పక్కన కూర్చోవడానికి వచ్చే పిల్లలు కూడా రెండు మూడు రోజులకే ఇదే మొహం పెడతారు. పక్కన కూర్చున్నవాళ్ళకు చెయ్యి కదలడం కనబడుతుంది గానీ, ఆ మనిషి మనసులో ఏది వద్దనుకున్నారో కనబడదు. ఈ పనిలో సగానికి పైగా వద్దనుకోవడమే.

"రంగు ముక్కలు చూడటం" అని మీరు ఒక్క మాటలో తేల్చేసిన పనినే తీసుకుందాం. బయ్యర్ ఒక పాంటోన్ టీసీఎక్స్ నంబరు ఇస్తాడు, గుడ్డ రంగులను ఆ నంబర్లతోనే గుర్తిస్తారు. డైయింగ్ యూనిట్ ఆ రంగుకు మూడు నాలుగు గుడ్డ ముక్కలు అద్ది ఏ, బీ, సీ అని రాసి పంపుతుంది. వాటిని ల్యాబ్ డిప్స్ అంటాం. ప్రింట్‌కైతే కాస్త పెద్ద ముక్క మీద ట్రయల్ వేసి పంపుతారు, అది స్ట్రైక్ ఆఫ్. మీ డిజైనర్ వాటిని బూడిద రంగు పెట్టెలాంటి లైట్ బాక్స్‌లో పెట్టి బటన్లు నొక్కుతూ చూసి ఉంటారు. ఒక బటన్ డీ65, అంటే పగటి వెలుతురు. ఇంకొకటి టీఎల్84, యూరప్ షాపుల్లో వాడుతూ వచ్చిన ట్యూబ్ లైట్ వెలుతురు. మొదటి వెలుతురులో అచ్చు గుద్దినట్టు కలిసిన నేవీ బ్లూ, రెండో వెలుతురులో ఎర్రబారిపోవచ్చు. అద్దకంలో ఏయే రంగులు కలిపి ఆ నేవీ తెచ్చారన్నదాన్ని బట్టి అలా జరుగుతుంది. కొనేవాళ్ళు చొక్కాను షాపు లైటు కింద చూస్తారు, ఎండలోకి వెళ్ళాక ఇంకోసారి చూస్తారు. అందుకే ఆవిడ ఆ ముక్కను తిరగ్గొట్టారు.

అంతవరకే అయితే అది తనిఖీ పని, ఎవరైనా చేస్తారు. డిజైన్ ఎక్కడుందంటే, ఏడెనిమిది రంగులున్న ప్రింట్‌లో అన్నీ నూటికి నూరు శాతం కలవవు. నేల రంగు పిసరంత ఆకుపచ్చకు జరిగితే దాని మీద ఉన్న లేత గులాబీ మురికిగా కనబడుతుంది. కాడల రంగు అంతే జరిగినా ఎవరికీ తెలియదు. ఏ రంగు దగ్గర పట్టుబట్టాలి, ఏది వదిలెయ్యాలి, వదిలేస్తే దాని పక్క రంగును ఏ వైపుకు జరిపి సర్దుకోవాలి అన్నది ఆవిడ అక్కడే నిలబడి తేల్చారు. ఫోన్‌లో మీకు వినబడిన వాదన బహుశా దాని గురించే. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు. బొమ్మ వేసిన మనిషే చెయ్యాలి, ఎందుకంటే ఆ బొమ్మలో ఏది ముఖ్యమో ఆ మనిషికే తెలుసు.

ఎక్సెల్ షీటు సంగతీ ఇలాంటిదే, అందులో ఉండేది స్క్రీన్ల లెక్క. రోటరీ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో గుండ్రటి స్క్రీన్ కావాలి. ఆ స్క్రీన్ చుట్టుకొలత మామూలుగా 64 సెంటీమీటర్లు. కాబట్టి మీ రిపీట్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే బొమ్మ ముక్క, నిలువు 64 అయినా ఉండాలి, దాన్ని సరిగ్గా భాగించే 32, 16 లాంటి కొలత అయినా ఉండాలి. కాలేజీలో 50 సెంటీమీటర్ల రిపీట్ గీసి మార్కులు తెచ్చుకోవచ్చు, యూనిట్‌లో మాత్రం అది ఎక్కదు. తొమ్మిది రంగుల బొమ్మను ఆరుకు దించితే మూడు స్క్రీన్ల ఖర్చు మిగులుతుంది. ఏ మూడు తీసినా బొమ్మ చావకూడదు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక ఈ లెక్కలు చాలావరకు పోయాయి, నిజమే. కానీ వేల మీటర్ల ఆర్డర్ వచ్చినప్పుడు మీటరు ధర దగ్గర రోటరీయే ఇంకా చవక, అందుకే ఆ షీటు ఇంకా తెరిచే ఉంటుంది.

ఒక పని చేసి చూడండి. మీరు వేసిన పూల ప్రింట్ ఏదైనా తీసుకుని, రిపీట్ పక్కపక్కనే అతికించి, ఒక మంచమంత కాగితం మీద ప్రింట్ తీయించండి. నేల మీద పరిచి కుర్చీ ఎక్కి చూడండి. కంప్యూటర్‌లో కనబడని అడ్డగీతలు, ఏటవాలు దారులు అందులో తేలతాయి. "లైన్ పడుతోంది" అని ప్రింట్ వాళ్ళు అనేది దీన్నే. రెండు ఆకులు తిప్పి, ఒక మొగ్గను రెండు సెంటీమీటర్లు కిందికి దించితే ఆ దారి మూసుకుపోతుంది. కొన్నిసార్లు మూసిన చోటికి పక్కనే ఇంకోటి తెరుచుకుంటుంది. ఈ దాగుడుమూతలు మీకు విసుగనిపిస్తాయా, అన్నం వేళ దాటిపోయినా వదలబుద్ధి కాదా? యూఎక్స్ జీతాల కంటే ముందు దీనికి జవాబు కావాలి.

"ఇలాంటిదే, కానీ ఇది కాదు" అన్న బయ్యర్ గురించి. మీకు కోపం రావడం సహజం. కానీ ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. మొదటిది, ఫొటో పంపి దాని సైజు, పూల మధ్య ఖాళీ, మూడ్ చూపించడం. బయ్యర్లకు మాటల్లో చెప్పడం రాదు, బొమ్మల్లో చెబుతారు. అందులో తప్పులేదు. రెండోది, పక్క బ్రాండ్ వాళ్ళ ప్రింట్‌లో పూల రేకులు ఐదు నుంచి ఆరు చేసి ఇమ్మనడం. అది దొంగతనానికి మేకప్ వేయడమే, ఎంత పెద్ద బయ్యర్ అడిగినా సరే. మీరు చూసింది ఏ రకమో మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. రెండోదైతే ఆ కంపెనీ వద్దనుకోండి, వృత్తిని మాత్రం వదలకండి.

ఇక్కడే ఒక చట్టం ముక్క, మీ కాలేజీలో చెప్పారో లేదో. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 15 ప్రకారం, డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోదగ్గ డిజైన్‌ను రిజిస్టర్ చేయించకుండా, యజమానో ఆయన అనుమతి ఉన్నవాళ్ళో యంత్ర పద్ధతిలో 50కి మించి వస్తువుల మీద వాడితే దానిమీద కాపీరైట్ పోతుంది. బొమ్మ వేశాను కాబట్టి జీవితాంతం నాదే అనుకునే పిల్లలు దీన్ని ఒకసారి చదవాలి.

ఇక దారి సంగతి. సాధారణంగా "నీకు ఏది ఇష్టం" అని అడుగుతారు. మీ వయసులో అందరికీ అన్నీ ఇష్టమే. నేనైతే "ఏ తలనొప్పిని మీరు భరించగలరు" అని అడుగుతాను. టెక్స్‌టైల్ డిజైన్ చదివినవాళ్ళకు ఉన్న ఉద్యోగాలన్నీ ఒక్కో రకం తలనొప్పితో వస్తాయి.

ఎక్స్‌పోర్ట్ ప్రింట్‌లో తలనొప్పి వేగం. బట్ట షాపులోకి రావడానికి ఏడాది ముందు నుంచే పని నడుస్తుంది, మీరు ఎండాకాలంలో వచ్చే చలికాలం గురించి ఆలోచిస్తుంటారు, వేసిన వాటిలో చాలా భాగం చెత్తబుట్టకే పోతుంది. నాకిది కష్టమనిపించేది కాదు, కొందరికి గుండె పగులుతుంది. మిల్లులో నేత డిజైనర్ అయితే, అంటే కరూర్, పానిపట్ వైపు దుప్పట్లు, పరదాలు చేసే చోట్ల, నూలు కౌంటు (దారం సన్నదనం), డాబీ, జకార్డ్ అనే బొమ్మ నేత మగ్గాల లెక్కల్లో మునిగిపోవాలి. బొమ్మ కంటే అల్లిక ముఖ్యం. లెక్కలంటే సరదా ఉన్న పిల్లలు అక్కడ రాణిస్తారు. మెయిల్స్, ధరలు, గడువులు మీకు ఆసక్తిగా అనిపించి ఉంటే, సిగ్గుపడకుండా మర్చండైజింగ్ (బయ్యర్‌కూ ఫ్యాక్టరీకీ మధ్య ఆర్డర్ నడిపే పని) వైపు చూడండి. డిజైన్ తెలిసిన మర్చండైజర్లు దొరకడం కష్టం, వాళ్ళకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

చేనేతలో తలనొప్పి ఇంకోరకం. అక్కడ మీ డిజైన్‌ను అన్‌డూ చేయడం కుదరదు. పోచంపల్లి ఇక్కత్ తీసుకోండి. గ్రాఫ్ కాగితం మీద వేసిన బొమ్మ ముందు నూలు మీదికి వెళ్ళాలి. ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చాలి, గ్రాఫ్ ప్రకారం గుర్తులు పెట్టాలి, రంగు తగలకూడని చోట్ల రబ్బరు కట్లు కట్టాలి, దీన్నే చిటికి కట్టడం అంటారు. అద్దాలి, ఆరబెట్టాలి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి ఇంకో రంగులో అద్దాలి. ఇదంతా అయ్యాక మగ్గం. ఒక పడుగు ఎక్కిస్తే ఒక్క చీరతో అయిపోదు. మధ్యలో మీకు "ఈ నీలం కాస్త తగ్గితే బాగుండు" అనిపించినా ఎవరూ ఏమీ చేయలేరు. పడుగు, పేక రెండూ చిటికి కట్టి నేసే పుట్టపాక పనితనంలో అయితే ఒక్క పోగు జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. ఆ అంచు చెదరడంలోనే అందం ఉంది కూడా. అసలు ఇక్కత్‌ను తిప్పి చూడండి, రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. ఇక్కత్‌లా కనబడే ప్రింట్ బట్ట వెనక వైపు వెలిసినట్టుంటుంది. బజార్లో ఆ రెండోది కుప్పలు కుప్పలుగా ఉంది, దాన్ని గీసినవాళ్ళూ డిజైనర్లే.

ఆసు అన్నాను కాబట్టి చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పాలి. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. వాళ్ళమ్మ లక్ష్మి గారు అర్ధచంద్రంలా వరసగా ఉన్న మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసేవారు. ఒక చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, నాలుగైదు గంటల పని. భుజం పట్టేసేది. ఆయన చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. అయినా ఆ చేతి కదలికను ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో యంత్ర భాగం తయారుచేసుకుంటూ పోయి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. జాబ్ షాడోయింగ్ అని మీరు చేసిన పనినే ఆయన ఏళ్ళ తరబడి ఇంట్లో చేశారు. అమ్మ భుజం ఎక్కడ ఎత్తుతోంది, ఎక్కడ వంగుతోంది అని చూశారు. మీ రెండు వారాల డైరీలో అలాంటి వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. "మధ్యాహ్నం మెయిల్స్" అని మాత్రమే రాసుకుంటే అది హాజరుపట్టీ అవుతుంది.

డైరీ ఇంకా మీ దగ్గరే ఉంటే ఒకసారి తెరవండి. ప్రతి రోజు దగ్గర, ఆ డిజైనర్ "వద్దు" అన్న సందర్భాలు గుర్తు తెచ్చుకుని పక్కన రాయండి. ఏ రంగు, ఏ శాంపిల్, ఏ గడువు, ఎవరితో. గుర్తురానివి ఆవిడనే అడగండి. మెయిల్ చిన్నదిగా ఉండాలి: "మేడమ్, ఆ బుధవారం మీరు రెండో స్ట్రైక్ ఆఫ్ రిజెక్ట్ చేశారు, కారణం తెలుసుకోవాలని ఉంది." ఇలాంటి ప్రశ్నకు పని తెలిసినవాళ్ళు తప్పకుండా జవాబిస్తారు, సంతోషంగా కూడా ఇస్తారు. "మీ కెరీర్ జర్నీ గురించి చెప్పండి" అని అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు. జవాబులు వచ్చాక చూడండి, ఏ "వద్దు" దగ్గర మీకు "నేనైతే ఒప్పుకునేవాణ్ణి" అనో "నేను ఇంకో విధంగా చేసేవాణ్ణి" అనో అనిపించింది? మీకు ఆ పని మీద అభిప్రాయం పుట్టిందన్నమాట. మీ దారి ఆ వైపు ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కచోట కూడా అనిపించకపోతే అదీ ఒక సమాచారమే.

యూఎక్స్ గురించి. మెయిల్స్, షీట్ల నుంచి పారిపోవడానికి అటు వెళ్తే అక్కడ మీటింగులు ఎదురొస్తాయి. స్క్రీన్ గీయడం అక్కడ కూడా రోజులో కొంత భాగమే. మిగతాది వాడేవాళ్ళతో మాట్లాడటం, ఇంజనీర్లతో బేరాలు, ఒకే బటన్ మీద పేరు గురించి పూట గడిచిపోవడం. మీరు నేర్చుకున్నది అక్కడ వృథా కాదు. రిపీట్ ఆలోచన, రంగుల క్రమశిక్షణ, పరిమితుల్లో పనిచేయడం, ఇవన్నీ పనికొస్తాయి. తెలుగులో యాప్ చేస్తే వరసల మధ్య ఖాళీ చాలక వత్తులు కింద తెగిపోతుంటాయి. ఇంగ్లిష్ కొలతలతో గీసినవాళ్ళకు అది తట్టదు, మీ కంటికి ఆనుతుంది. కానీ పోర్ట్‌ఫోలియోలో వాళ్ళు అడిగేది అందమైన స్క్రీన్లు కాదు. ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, ఎలా కనుక్కున్నారు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది అని అడుగుతారు. అది మీ దగ్గర ఇప్పుడు లేదు. డిగ్రీ వదలకుండా అటువంటి ప్రాజెక్ట్ ఒకటి చేయండి. నేతన్నలు ఆర్డర్లు, నూలు లెక్కలు ఎలా రాసుకుంటున్నారో చూసి దాని మీదే చేయవచ్చు. చేశాక కూడా మనసు అటే లాగితే వెళ్ళండి, నేను ఆపను. ఇంట్లోవాళ్ళకు ఇప్పటికి ఇంత చెబితే చాలు: డిగ్రీ పూర్తవుతుంది, ఈలోగా ఒక యూఎక్స్ ప్రాజెక్ట్ చేతిలో ఉంటుంది.

దానికంటే ముందు ఇంకో షాడోయింగ్ చేయమంటాను, ఈసారి మగ్గం దగ్గర. పోచంపల్లి, పుట్టపాక మీకు దగ్గరే. ఆంధ్ర వైపు వాళ్ళయితే మంగళగిరి, చీరాల. పరిచయాలు లేకపోతే హైదరాబాద్, విజయవాడల్లో కేంద్ర ప్రభుత్వం వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి, కాలేజీ ఉత్తరంతో వెళ్ళి అడగండి. వెళ్ళేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎక్స్‌పోర్ట్ డిజైనర్‌కు నెల జీతం వస్తుంది, మీతో మాట్లాడినా వస్తుంది. నేతన్నకు ముక్కకు ఇంత అని కూలి. మీ ప్రశ్నలకు జవాబిస్తూ మగ్గం ఆపితే ఆ గంట ఆయన జేబులోంచి పోయినట్టే. కాబట్టి ఆయన పూట కూలి ఎంతో ముందే కనుక్కుని ఇచ్చేయండి, మొహమాటపడతారు, అయినా ఇవ్వండి. భోజనాల తర్వాత, పేక కండె మార్చేటప్పుడు అడగండి. మగ్గం ముందే కూర్చుండిపోకండి, ఇంటి ఆడవాళ్ళు కండెలు చుట్టే చోట, కట్లు కట్టే చోట ఎక్కువసేపు ఉండండి. ఇక్కత్ బొమ్మ బాగుపడేదీ చెడిపోయేదీ అక్కడే. వాళ్ళను అక్కా, పెద్దమ్మా అని పిలిస్తే చాలు, పని చేతికిచ్చి మరీ నేర్పిస్తారు.

చివర్లో మీరు రెండు చిన్న ప్రశ్నలు అడిగారు. స్టైపెండ్ ఇవ్వలేదు, అడగవచ్చా అని. రెండు వారాలు చూడటానికి మాత్రమే వెళ్తే మామూలుగా ఇవ్వరు, అడగడం బాగుండదు. కానీ మీ చేత రిపీట్లు గీయించుకుని, కలర్‌వేలు (ఒకే బొమ్మకు వేర్వేరు రంగుల కలయికలు) చేయించుకుని ఉంటే అది ఇంటర్న్‌షిప్, అప్పుడు అడగండి, కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగం ద్వారా అడగండి. రెండోది, అక్కడ తీసిన ఫొటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టవచ్చా అని. ఆ ప్రింట్లు ఇంకా షాపుల్లోకి రాలేదు కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్కటి కూడా పెట్టకండి, పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. పోర్ట్‌ఫోలియోకు ఆ కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అది రాకపోతే, నేల మీద పరిచి చూడమన్నాను కదా, ఆ మీ సొంత పూల ప్రింట్‌నే దిద్దకముందు ఒకటి, దిద్దాక ఒకటి పక్కపక్కన పెట్టండి. ఇంటర్వ్యూలో కూర్చున్న ప్రింట్ వాళ్ళు ముందు ఆ పేజీ దగ్గరే ఆగుతారు.